నేరేడు చెట్టు మీద నేను పెట్టిన అర్జీ

మధురవాడలో మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన పెద్ద నేరేడు చెట్టు ఉంది. తెల్ల కారు కొన్నాక గానీ అది నా కంట పడలేదు. పళ్ల రోజుల్లో పొద్దున్నే కిందికి దిగితే కారు నిండా ఊదా మచ్చలు. రాలిన పళ్లు కొన్ని, పిట్టలు తిని విడిచినవి కొన్ని. తుడిచి తుడిచి విసిగిపోయి, చెట్టు కొట్టించెయ్యాలని నిశ్చయించుకున్నాను.

కారు మురికవుతోందని కార్పొరేషన్‌కు రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఆఫీసులో ఫైళ్లు నడిపి జుట్టు నెరిసినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు. చెట్టు బాగా ముసలిది, ఎప్పుడైనా కూలవచ్చు అని రాద్దామనుకున్నాను. దానికి సాక్ష్యం కావాలి. ఇక్కడ అపార్ట్‌మెంట్లు లేవకముందు నుంచీ మా సందు చివర ఉంటున్న మామ్మను వెళ్లి అడిగాను.

"మా అత్త కాపరానికొచ్చినప్పటికే పెద్ద సెట్టంట బాబూ. దాని కిందే ఎడ్లబళ్లు ఆపీవోరంట. ఎందుకడుగుతన్నావు?" అంది.

ఊరికేనని తప్పించుకుని వచ్చి రెండు పేజీలు రాశాను. మామ్మ అత్తగారి కాపురం, ఎడ్లబళ్లు, ముగ్గురు చేతులు చాచినా అందని మాను, తొర్ర, అందులో చిలకలు, ఏదీ వదల్లేదు. కొట్టెయ్యండి అంటే మొరటుగా ఉంటుందని, "ఇంతటి పురాతన వృక్షం విషయంలో తగు చర్య తీసుకోగలరు" అని ముగించాను.

కొన్నాళ్లకు ఒక అధికారిణి జీపులో వచ్చారు. చెట్టు చుట్టూ తిరిగి, తొర్రలోకి తొంగిచూసి, ఫొటోలు తీసుకుని, ఎవరండీ రాసిందని అడిగి నన్ను పిలిపించారు.

"మాకొచ్చేవన్నీ చెట్లు నరకమనే అర్జీలే. కాపాడమని రాసింది మీరొక్కరే. ఊరు ఇంతగా పెరిగిపోయాక ఇలాంటి చెట్టు మిగలడమే గొప్ప. దీన్ని వారసత్వ వృక్షాల్లో చేర్చమని రాస్తాను" అన్నారు.

అసలు సంగతి చెప్పబోయేసరికి చుట్టూ అందరూ చప్పట్లు కొట్టేశారు. మా ఆవిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత బోర్డు పెట్టారు, నాకు శాలువా కప్పారు, మైకు చేతికిచ్చారు. ఎడ్లబళ్ల గురించి మాట్లాడాను. ముందు వరసలో కూర్చున్న మామ్మ కళ్లొత్తుకుంది. సభ అయ్యాక నా చెయ్యి పట్టుకుంది.

"నరికేత్తారేమోనని ఎప్పుడూ బెంగే బాబూ. నువ్వొచ్చి అడిగిన్నాడే అనుకున్నాను, మంచోడివని."

ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. ఇంటికెళ్లి, మామ్మకు నిజం చెప్పేస్తానని మా ఆవిడతో అన్నాను.

"ఇప్పుడు సెప్పి ఆవిణ్ణి ఏడిపించడం ఏటండీ? ఆవిడనుకున్నట్టే మీరుండండి, సరిపోద్ది" అంది.

మర్నాడే కారుకు కవరు కొన్నాను.

ఈ మధ్య పై అంతస్తులో ఉండే మిత్రుడొకడు వచ్చాడు. గేటు దగ్గరి కెమెరాకు ఒక కొమ్మ అడ్డొస్తోంది, కొట్టించేద్దామన్నాడు. కెమెరానే జరపమన్నాను.

"కొమ్మే కదా బావా, అంత కోపమేటి?" అన్నాడు.

నిజంగానే కోపం వచ్చింది. గంటసేపు వాదించాను, మధ్యలో టీ కూడా చల్లారిపోయింది. ఆ వారంలోనే కెమెరాను ఎదురు గోడకు మార్చారు.