సగం పత్రికతో రాజోలు సభకి

రాజోలు లైబ్రరీ వార్షికోత్సవానికి నేను వెళ్లడం మా బావగారి పుణ్యం. అమలాపురం హైస్కూల్లో సోషల్ చెప్పే నన్ను ఆయన, మా అక్కతో పెళ్లయిన నాటినుంచీ, ఒకటే పలకరింపు పలకరిస్తారు: "ఏవిటి మాస్టారూ, ఇంకా అశోకుడు చెట్లు నాటించే దగ్గరే ఉన్నారా?" ఆయన ఆ లైబ్రరీ కార్యదర్శి. కంప్యూటర్లు తెస్తామని ఢిల్లీవాళ్లు ఊదరగొడుతున్న రోజులు కదా, దాని మీద మాట్లాడే మనిషి దొరక్క చివరికి నన్ను పిలిచేరు. నేను కంప్యూటర్ని చూసి ఎరగను. చుట్టుపక్కల చూసినవాళ్లూ ఎవరూ లేరు గనక నిపుణుణ్ణవడానికి నాకు అడ్డేమీ కనపడలేదు. ఇవాళ్టితో బావగారి నోరు మూయించాలి, అంతే.

ఆదివారం తొమ్మిదింటికి అమలాపురం బస్టాండులో పెసరట్టు తిని, బంకులో వారపత్రిక కొన్నాను. అట్ట మీదే "కంప్యూటర్: వరమా, శాపమా?" అని ఉంది. దేవుడున్నాడనిపించింది. రాజోలులో దిగేలోపు పండితుణ్ణయిపోవచ్చు.

అంబాజీపేట వచ్చేసరికి సగం వ్యాసం అయింది. యంత్రం వస్తే గుమాస్తాలు వీధిన పడతారట, పెట్టుబడిదారుడి బొజ్జ పెరుగుతుందట, సోషలిజం అటకెక్కుతుందట. నా రక్తం మరిగిపోయింది. కింద "తరువాయి 38వ పేజీలో" అని ఉంది. తిప్పబోతుంటే వెనక సీట్లోంచి ఒక చెయ్యి వచ్చింది. మన బస్సుల్లో పత్రిక కొనేది ఒకడు, చదివేది బస్సంతాను.

"ఆ వెనక పేజీలు ఇలా ఇస్తారాండి? సీరియల్ చూసిచ్చేస్తాను," అన్నారు ఖద్దరు చొక్కా పెద్దాయన.

"చదువుతున్నానండి."

"ఆయ్. మీరు ముందువి చదువుకోండి. నాకు వెనకవి చాలు."

ఆయన మర్యాదగా లాగేరు, నేను మర్యాదగా పట్టుకున్నాను. పిన్నులూడి పత్రిక రెండు ముక్కలైంది. గన్నవరంలో గోదావరి పాయ మీది అక్విడక్టు దాటేక చల్లగాలికి నాకు కునుకు పట్టింది. తాటిపాకలో కండక్టరు కేకకి లేచి చూస్తే వెనక సీటు ఖాళీ. ఆయన చేతికెళ్లిన వెనక ముక్కా లేదు.

పక్కనున్న మామ్మగారిని అడిగితే, "సీరియల్ మంచి పట్టుమీదుంది నాయనా, మధ్యలో ఎలా వదులుతాడు?" అన్నారు.

పదకొండున్నరకి రాజోలులో దిగేను. అక్క పనసపొట్టు కూర చేసింది గాని నాకు రుచి తెలియలేదు. "ఇవాళైనా అశోకుణ్ణి దాటుతారా మాస్టారూ?" అన్నారు బావగారు విస్తట్లోంచి తలెత్తి. ఒళ్లు మండింది.

నాలుగింటికి సభ. వేదికెక్కితే అధ్యక్షుడి కుర్చీలో ఆ ఖద్దరు చొక్కా! తాటిపాకలో చుట్టాలింట భోంచేసి వచ్చేరట. నమస్కారం పెట్టేరు గాని పత్రిక ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. నిపుణుడు బస్సులో చదువుకొచ్చేడని తెలిస్తే ఏం బాగుంటుంది?

నా సగాన్ని ముప్పావుగంట దంచేను. యంత్రాన్ని తీసుకెళ్లి బంగాళాఖాతంలో కలిపేను. చప్పట్లు పడ్డాయి. బావగారు కూడా కొట్టేరు, కళ్లారా చూసేను. జన్మ ధన్యమైంది.

అప్పుడు అధ్యక్షులు లేచేరు. మన సభల్లో చివరిమాట వారిదే కదా. "వక్తగారి భయాలు ఒక్కొక్కటీ ఎందుకు తప్పో చూద్దామండి," అని మొదలెట్టి, నా వాదనలన్నీ నేను చెప్పిన వరసలోనే చెరిగేసేరు. ఆ వ్యాసం రాసిన మహానుభావుడు ముందు పేజీల్లో భయపెట్టి, వెనక పేజీల్లో తనే జవాబులు చెప్పుకున్నాడన్నమాట. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. కొట్టినవాళ్లు వాళ్లే. బావగారైతే లేచి నిలబడి మరీ కొట్టి, "చదువంటే అదండి మాస్టారూ," అన్నారు నాతో. ఏడుపొక్కటే తక్కువ.

తిరుగు బస్సులో అధ్యక్షులకీ నాకూ ఒకటే సీటు దొరికింది. బస్సు కదిలేక ఆయనే సంచీలోంచి ముక్క తీసి, "మీ ఉపన్యాసం విన్నాక ఆ ముందు పేజీలు చూడాలనుందండి," అన్నారు. మార్చుకున్నాం. అంబాజీపేట దగ్గరకొచ్చేసరికి ఆయన, "నిజమేనండి, పాపం గుమాస్తాల గతేం కాను?" అని నిట్టూర్చేరు. నాకేమో కంప్యూటర్ రాకపోతే ఈ దేశం ఏమైపోతుందోనని బెంగ పట్టుకుంది. ఢిల్లీలో పెద్దలకి కూడా పత్రికలు ఇలాగే పంచుతున్నారేమో.

అమలాపురంలో దిగబోతూ ఆయన, "వచ్చేనెల కొత్తపేటలో ఇదే విషయం మీద సభండి. మీరూ రావాలి," అన్నారు.

అధ్యక్షత నాకిప్పిస్తే వస్తానన్నాను. వెనక ముక్క జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకున్నాను. బావగార్ని నేనే స్వయంగా తీసుకెళ్లి ముందు వరసలో కూచోబెడతాను.