కీ కార్‌లోనే వదలమన్న దీవి

జనవరిలో మేముండే బాతెల్ ఊరి నుంచి వెళ్లి, కార్‌తో సహా ఫెర్రీ ఎక్కి ఓ చిన్న దీవిలో దిగాం. ఆ చలిలో టూరిస్టులం మేమిద్దరమే. ఒడ్డున గది అద్దెకిచ్చిన పెద్దాయన, "కీ కార్‌లోనే వదిలేయండి, ఇక్కడ అందరూ అంతే" అన్నాడు.

"అడిగి మరీ కొట్టేస్తారా? కీ వదలకు" అంది నా భార్య స్వప్న. జేబులో వేసుకున్నాను.

తెల్లారకముందే ఎవరో తలుపు బాదారు. మా కార్ చుట్టూ నలుగురు మగవాళ్లు. స్వప్న పోలీసులకి కాల్ చేయబోయింది.

"చలికాలంలో పోటు ఎక్కువ" అన్నాడు పెద్దాయన, మా చక్రాలను తడుపుతున్న సముద్రాన్ని చూపిస్తూ. "కార్లన్నీ పైకి జరిపేశాం, మీది తప్ప."

ఆ రాత్రి కీ కార్‌లోనే వదిలాను. స్వప్న మూడుసార్లు లేచి కిటికీలోంచి చూసింది. నాలుగోసారి నేను చూశాను.