కాళ్ల అక్షరాలు

ఈరోజు పొద్దున నేను ఒక ముసలాయన చేతిని సుత్తి కామతో, అంటే దాని కర్ర పిడితో, కొట్టాను. తప్పు ఆయనది కాదు, నాది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రెండో దెబ్బ కొట్టాను.

కడప ఊరి చివర మాది సమాధి రాళ్లు చెక్కే షెడ్డు. ఆ ముసలాయన మా నాయన కాలం నుంచి ఇక్కడే ఉలి పట్టినవాడు. నేను చిన్నాయనా అని పిలుస్తాను. చుట్టుపక్కల చర్చిల వాళ్లు పోయినవాళ్ల పేర్లను నల్లబండ మీద ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కించుకుంటారు. ఎప్పుడో దొరల సమాధుల మీద చూసి మా వాళ్లు పట్టుకున్న అక్షరాలవి. ఒక గీత లావు, ఒక గీత సన్నం. ప్రతి గీతకూ కొసన ఇరుపక్కలకు విచ్చుకున్న చిన్న పాదం. మా షెడ్డులో వాటిని కాళ్ల అక్షరాలు అంటాం.

ఆ పాదం అందం కోసమే అనుకునేవాణ్ణి. కాదని మా నాయన నా వేళ్ల మీద కొట్టి నేర్పించాడు. కడప బండ పొరలు పొరలుగా ఉంటుంది. గీతను చెక్కుకుంటూ వచ్చి ఊరికే ఆపితే కొసన పెచ్చు లేచిపోతుంది. అందుకని ముందు పాదాన్ని అడ్డంగా, లోతుగా కొట్టుకోవాలి. గీతను తర్వాత దానివైపు తేవాలి. అప్పుడు ఉలి దెబ్బ పాదం దగ్గర ఆగిపోతుంది. అది నేర్చుకునేలోపు నా బొటనవేలి గోరు రెండుసార్లు నల్లబడి ఊడింది. దెబ్బ ఎట్లా ఉంటుందో తెలియనివాణ్ణి కాదు నేను.

ఇప్పుడు చిన్నాయన చెక్కుతున్న రాయి ఒకామె తన భర్త సమాధికి చేయించుకుంటున్నది. అతన్ని పోయిన ఏడాది పొలం గట్టు తగాదాలో దాయాదులే కట్టెలతో కొట్టి చంపారు. ఆదివారం ఏడాది ప్రార్థన. ఆమె అడిగింది ఒక్కటే, మామగారి రాయి మీద ఉన్న అక్షరాలే భర్త రాయి మీదా ఉండాలని.

"తండ్రి పక్కనే పండుకున్నాడన్నా. కొట్టినోళ్లు దినామూ ఆ దావనే పోతాంటారు. వాళ్లు సూడాల, ఈయప్ప ఎవరి కొడుకో" అంది.

మా పద్ధతి ప్రకారం పాత రాయి మీద కాగితం పరిచి, బొగ్గుతో రుద్ది అచ్చు తెచ్చుకోవాలి. ఆమె ఊరికి పోవడానికి బద్ధకించాను. కంప్యూటర్‌లో కాళ్లున్న ఫాంటు ఒకటి వెతికి, ప్రింటు తీసి చిన్నాయన చేతికిచ్చాను. చూడ్డానికి పాతదాని తమ్ముడిలాగే ఉంది. కానీ అది నున్నటి కాగితం మీద అచ్చు వేయడానికి గీసిన అక్షరం. దాని పాదాలు వెంట్రుక మందం.

పొద్దున ఆమె నిలబడి చూస్తుండగానే మూడో అక్షరం కింద అరచేతంత పెచ్చు లేచింది.

"ఏం సేస్తాండావు చిన్నాయనా? కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని అరిచాను.

"కండ్లు ఈడనే ఉండాయిలేప్పా. నీ కాగితంలోనే కాళ్లు లేవు. దోమకాళ్లు గీసిచ్చి బండను నిలబెట్టమంటే యాడ నిలబడ్తాది?"

పాలిష్ పట్టేవాళ్లు నవ్వారు. నేను సుత్తి తిరగేసి కామతో ఆయన మణికట్టు మీద కొట్టాను. ఆయన చేయి వెనక్కి తీసుకోబోతే మళ్లీ కొట్టాను. పుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఉలి బండ మీద పడి దొర్లింది. నవ్వు ఆగింది.

ఆమె చిన్నాయన చేతిని చూసింది. "మా ఆయన్ని గూడా సేతుల మీదనే మొదులు పెట్టినారు" అంది. "నాకీ రాయి వద్దన్నా. ఈడ సెక్కింది ఆయన మీద పెట్టను."

నా చేతిలో సుత్తి ఇంకా అట్లాగే ఉంది. కింద పెట్టాను. చిన్నాయనను బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాను.

"ఏమైంది పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

"బండ జారి పడింది సామీ."

"కాదు సార్, నేనే కొట్టినా" అన్నాను. డాక్టరు నా వైపు చూసి మళ్లీ ఎముక చూసుకున్నాడు. కట్టు వేయించుకుని బయటికొచ్చాక చిన్నాయన అన్నాడు, "మీ నాయన గూడా కొట్టేవాడు. ఒప్పుకునేవాడు కాదు." అది మెప్పు కాదు.

మధ్యాహ్నం ఒక్కణ్ణే ఆ ఊరి సమాధుల దొడ్డికి పోయాను. మామగారి రాయి ఎండకు కాలుతోంది. కాగితం పరిచి బొగ్గుతో రుద్దితే ఒక్కో పాదం చిటికెన వేలంత మందాన తేలింది. అక్కడి నుంచి ఆమె ఇంటికి పోయాను. లోపలికి రమ్మనలేదు. గడప బయటే నిలబడి, చేసిన తప్పు చెప్పి, అచ్చు చూపించాను. ఆమె వేలితో ఒక్కో అక్షరాన్నీ తడిమి చూసింది.

"సెక్కేది ఎవరు?"

"నేనే. చిన్నాయన పక్కన కూర్చుని చెప్తాడు, ఆయన ఒప్పుకుంటే."

"రాయి బాగుండాదని ఆయనంటేనే ఆదివారం బండి పంపుతా. నువ్వు సెప్తే కాదు."

సాయంత్రం షెడ్డులో, పొద్దున నవ్విన వాళ్లందరి ముందూ చిన్నాయనను క్షమించమని అడిగాను. ఆయన కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో సుద్ద తీసుకుని, కొత్త బండ మీద మొదటి పాదం ఎక్కడ కొట్టాలో గీత గీశాడు. కొట్టాను.

"ఇంకా లోతు" అన్నాడు.

మళ్లీ కొట్టాను.