అన్నయ్య పాయింట్లు

మా అన్నయ్యకి పొగడ్త అంటే ప్రాణం. ఆ సంగతి కనిపెట్టడానికి మేడమ్ గారికి ఒక్క పూట చాలింది. మిగతా పూటలన్నీ పొగుడుతూనే ఉంది.

కోడూరు దాటి రొయ్యల చెరువుల గట్ల వెంట ఇంకా లోపలికి వెళ్తే, దారి అయిపోయిన చోట సముద్రం ఒడ్డున మా పల్లెపాలెం. నేను బందరులో డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్తున్నాను. అన్నయ్య పాలెంలోనే ఉండి ఫైబర్ బోటు మీద వేటకి వెళ్తాడు. మా మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. ఆ మావయ్యే పాలేనికి కులపెద్ద. ఆయన మాటకి అక్కడ ఎదురు లేదు.

మేడమ్ సముద్రం మీద పరిశోధన చేసే ఒక సంస్థ తరఫున వచ్చింది. చలికాలంలో గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లు సముద్రం అడుగుదాకా వల ఈడ్చే పెద్ద మర బోట్లకి చిక్కుకుని, ఊపిరాడక చచ్చి, మా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. కుక్కలు వాటి మెడలు పట్టి లాగుతుంటాయి. మేం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆవిడకి కొత్త. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని ఇసకలో నిలబడి ఏడ్చింది. వదిన ఇంట్లోకొచ్చి నవ్వు ఆపుకోలేకపోయింది. తాబేలు కోసం ఏడ్చే మనిషిని తను అంతకుముందు చూడలేదు.

ఆవిడ ఆలోచనలో తప్పు లేదు. తాబేళ్లు సముద్రంలో ఎక్కడెక్కడ గుంపుగా చేరతాయో కచ్చితంగా తెలిస్తే, ఆ నెలల్లో ఆ నీళ్ళలోకి మర బోట్లు రాకుండా ఆపమని ప్రభుత్వాన్ని అడగొచ్చు. అడగాలంటే ఆధారం కావాలి. ఆ ఆధారం ఎవరి బీరువాలోనో దాచిపెట్టేది కాదు, ప్రపంచంలో ఎవరైనా ఫోన్లో తెరిచి చూసుకునేట్టు ఉండాలి. అందరికీ తెలిస్తే అందరూ కాపాడతారు అని ఆవిడ నమ్మకం. ఇలాంటి నమ్మకాలు నెల జీతం వచ్చేవాళ్ళకే ఉంటాయని నేను అప్పుడే అనుకున్నాను. పైకి అనలేదు. ఇంటికొచ్చిన మనిషి.

మా పాలెంలో వేట చోటు ఎవరూ ఎవరికీ చెప్పరు. చేప ఎక్కడ తగిలిందని అడిగితే చెయ్యి గాల్లో ఊపి "అటేపు" అంటారు. అల్లుడు అడిగినా అంతే, తమ్ముడు అడిగినా అంతే. ఎవరి పాయింట్లు వాళ్ళ జీపీఎస్‌లో ఉంటాయి. బోటు దిగగానే ఆ పెట్టెని పసిపిల్లలా గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకుంటారు. అన్నయ్య దగ్గర పాలెంలో ఎవరి దగ్గరా లేనన్ని పాయింట్లున్నాయి. కొన్ని మా నాన్న ఒడ్డు మీది తాటిచెట్లూ లైట్‌హౌసూ చూసుకుని గుర్తుపెట్టుకున్నవి. చందువ ఎక్కడ తిరుగుతుందో, వంజరం ఏ నెలలో ఎక్కడికొస్తుందో, తాబేళ్లు ఎక్కడ జతకడతాయో అన్నీ అందులో ఉన్నాయి. చేప ఉన్న చోటే తాబేలూ ఉంటుంది. సముద్రం వాటికి వేరు వేరు వాటాలు వేసివ్వలేదు.

మర బోట్ల మీద అన్నయ్యకి చచ్చేంత కసి. అవి అతని వలల మీంచి వెళ్ళి ఎన్నిసార్లు పేలికలు చేశాయో. వాటిని ఆపే పనంటే అతనికి ఆశ పుట్టింది. ఆపైన మేడమ్ "మీకు తెలిసింది మా పెద్ద పెద్ద సైంటిస్టులకి తెలీదండీ" అంది. ఇక ఆగుతాడా? తాబేళ్ల పాయింట్లు ఇస్తే సరిపోయేది. చేపలవి కూడా ఉంటే మ్యాపు నిండుగా ఉంటుందని ఆవిడ అనడంతో పెట్టెకి పెట్టే అప్పగించాడు.

మ్యాపు బయటికొచ్చిన రోజు దాని కింద అన్నయ్య పేరు ఉంది. అతను ఆనందం పట్టలేక ఆ లింకుని పాలెం వాట్సాప్ గ్రూపులో తనే పెట్టాడు. దొంగ తన దొంగతనాన్ని తనే దండోరా వేయించుకున్నట్టయింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మావయ్య కూడా పెట్టాడు.

తర్వాతి చలికాలం మర బోట్లు వచ్చాయి. అంతకుముందు వెతుక్కుంటూ తిరిగేవి. ఈసారి వెతకలేదు. తిన్నగా వచ్చి ఒక్కో పాయింటు మీద నిలబడి, అడుగుదాకా గీకి, ఇంకో పాయింటుకి వెళ్ళాయి. ఎక్కడి బోట్లో కూడా తెలీదు. పాలెం వాళ్ళు ఖాళీ వలలతో తిరిగొచ్చారు. ఒడ్డున తాబేళ్ల శవాలు మాత్రం ఎన్నడూ లేనన్ని పడ్డాయి. ఒక మర బోటులో పనికి కుదిరిన మా వాడొకడు సెలవుకి వచ్చి, తమ బోటు నడిపే సరంగు ఫోన్లో ఆ మ్యాపే ఉందని, దాని కింద అన్నయ్య పేరు తనే చదివానని చెప్పాడు.

ఆ సాయంత్రమే పంచాయితీ పెట్టారు. ఆ నీళ్ళు నీ ఒక్కడివా, పాలెం అంతటివీ అమ్మేశావు అన్నారు. అన్నయ్య తను పైసా తీసుకోలేదన్నాడు. అది ఇంకా పెద్ద తప్పయింది. అమ్ముకున్నవాణ్ణి క్షమిస్తారు గాని ఊరికే ఇచ్చేసినవాణ్ణి మా వాళ్ళు క్షమించరు. మావయ్య లేచి వెలి అన్నాడు. ఆ ఇంటి మనుషులతో మాట లేదు, నిప్పు లేదు, నీళ్ళు లేవు, బోటుకి చెయ్యి లేదు. ఆ ఇంట్లో తన కూతురు ఉందని ఎవరో గుర్తు చేశారట. ఉంటే ఉందన్నాడట.

గ్రూపులోంచి అన్నయ్య నంబరు తీసేశారు. గాలి తిరిగిందనీ, కెరటం లేచిందనీ, వెనక్కి వచ్చేయండనీ అందరూ ఒకరికొకరు చెప్పుకునేది ఆ గ్రూపులోనే. సముద్రం గురించి తనకి తెలిసిందంతా లోకానికి ఇచ్చిన మనిషికి, రేపు గాలి ఎటు వీస్తుందో చెప్పేవాడు లేకుండా పోయాడు. ఇంకో చిత్రం, వెలేసిన వాళ్ళందరూ వేటకి వెళ్ళేముందు అతని మ్యాపే తెరిచి చూసుకునేవాళ్ళు. మర బోట్లు ఏ పాయింటు ఇంకా గీకలేదో లెక్క చూసుకోవడానికి. మనిషిని వెలేశారు గాని మ్యాపుని వెలేయలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బోటుని ఒంటరిగా నీళ్ళలోకి దించడం ఎవరివల్లా కాదు. కెరటం కొట్టే చోట కనీసం నలుగురు చేతులేయాలి. పనివాళ్ళు మానేశారు. అందుకని వదిన కొంగు బిగించి దిగింది. మా దగ్గర ఆడవాళ్ళు బోటు ముట్టుకోరు. ముట్టుకుందని ఇంకో నేరం ఆవిడ మీద రాసుకున్నారు.

నేను సెలవులకి వెళ్ళినప్పుడు ఒక ఉదయం చూశాను. అన్నయ్య వెనక నుంచి నెడుతున్నాడు, వదిన పక్క నుంచి తోస్తోంది. నేనూ ఒక చెయ్యేశాను. గుడివాడ చెయ్యి, సుద్దముక్క పట్టుకునే చెయ్యి, దానివల్ల ఏమవుతుంది? కెరటం బోటుని ఎత్తి పక్కకి తిప్పేసింది. వదిన కుడి చెయ్యి బోటుకీ ఒడ్డున ఉన్న ఇనుప గుంజకీ మధ్య నలిగిపోయింది. ఆవిడ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పది అడుగుల అవతల మావయ్య వల బాగుచేసుకుంటూ కూర్చుని ఉన్నాడు. తలెత్తాడు. కూతురి చేతిలోంచి రక్తం ఇసకలోకి కారడం చూశాడు. చూసి, మొహం పక్కకి తిప్పుకుని, దారం పంటితో కొరికి, మళ్ళీ ముడి వేయడం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్న మగాళ్ళందరూ ఆయన ఏం చేస్తే అదే చేశారు. అంతమంది అంత శ్రద్ధగా వలలు బాగుచేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పాలెం ఆటోలు రామన్నాయి. చెరువుల దగ్గర మేత దింపడానికి వచ్చిన వ్యాను పట్టుకుని అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు వేళ్ళు తీసేశారు.

వెలి నాకు వర్తించదు. నేను బయటి ఊరి కోడల్ని. అందుకని ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే మావయ్య ఇంటికి వెళ్ళాను. నాకసలే ముక్కు మీద కోపం. వాకిట్లోనే నిలదీశాను.

"అది నీ కూతురి చెయ్యి మావయ్యా."

"తెలుసమ్మా. నాకు కళ్ళున్నాయిగా," అన్నాడు. గొంతులో ఏ తేడా లేదు. "నేను లేస్తే రేపు ఇంకెవడి మీదా ఈ మాట చెల్లదు. ఆ మ్యాపు తీయించమను. తీయించిన్రోజున నేనే వొచ్చి బోటుకి చెయ్యేస్తా."

ఆయన మీద ఉమ్మేయాలనిపించింది. ఆయన చెప్పింది పాలేనికి సబబుగా ఉందని తెలిసి, ఆ కోపం ఇంకా ఎక్కువైంది.

మేడమ్‌కి ఫోన్ చేశాను. వదిన వేళ్ళ సంగతి చెప్తే ఆవిడ మళ్ళీ ఏడ్చింది. ఆవిడకి ఏడుపు తేలిక. మ్యాపు తీసేయమన్నాను. కళ్ళు తుడుచుకున్న చప్పుడు వినిపించాక, గొంతు సర్దుకుని మెత్తగా చెప్పింది.

"మీ బాధ నాకు అర్థమైందండీ. కానీ ఒకసారి అందరికీ ఇచ్చేశాక, ఎవరో దుర్వినియోగం చేశారని వెనక్కి తీసుకోవడం మా నియమాల్లో లేదు. సమాచారమే తప్పని ఇచ్చిన మనిషి రాసిస్తే తప్ప మేం తీయలేం."

అంటే నిజమైతే ఉంచుతారు, అబద్ధమైతే తీసేస్తారు. అన్నయ్య బోటు కదలాలంటే అన్నయ్య అబద్ధాలకోరు కావాలి. అదే అతనికి చెప్పాను. వదిన కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని వింటోంది.

అన్నయ్య పొగరంతా ఎటుపోయిందో, మనిషి సగమైపోయాడు. చివరికి నా ఫోన్ వైపు చూసి, నాన్న చూపించిన పాయింట్లు వదిలేసి మిగతావే తప్పని రాయకూడదా అని అడిగాడు. చచ్చిపోయిన మనిషితో అబద్ధం ఆడించినట్టుంటుందన్నాడు. కుదరదన్నాను. కొన్ని తప్పంటే అవే తీస్తారు, మ్యాపు ఉంటుంది. మొత్తం తప్పంటేనే మొత్తం పోతుంది.

"అయితే రాయి," అన్నాడు. "నాకేం తెలీదని రాయి. నోటికొచ్చినవి చెప్పానని రాయి."

ఇంగ్లీషులో రాశాను. పిల్లలకి క్షమాపణ ఉత్తరం ఎలా రాయాలో ఏటా నేర్పుతాను కాబట్టి నాకు అది ఒక్క నిమిషం పని. చదివి తెలుగులో చెప్తే తలూపాడు. తన వేలితోనే పంపించాడు.

మేడమ్ నుంచి జవాబు వచ్చింది. మ్యాపు తీసేశామని, అతని మాట నమ్మి తయారుచేసిన మర బోట్ల నిషేధ ప్రతిపాదనని కూడా ఉపసంహరించుకున్నామని, తన మూడేళ్ళ కష్టం ఇలా అవుతుందని అనుకోలేదని. కింద చల్లగా ధన్యవాదాలు. మ్యాపు ఉన్న చోట ఇప్పుడు ఒక్క వాక్యం ఉంది. ఫలానా మత్స్యకారుడు ఇచ్చిన సమాచారం నమ్మదగినది కాదని తేలినందున తొలగించాం అని. అతని పేరు మాత్రం తీయలేదు.

మావయ్య మాట తప్పే మనిషి కాదు. మర్నాడు పాలెం అంతా చూస్తుండగా వచ్చి బోటుకి చెయ్యేశాడు. ఆయన వేశాక అందరూ వేశారు. బోటు తేలిగ్గా నీళ్ళలోకి దిగింది. గ్రూపులోకి అన్నయ్య నంబరు తిరిగొచ్చింది. కుర్రాళ్ళు అతనికి "అటేపు అన్న" అని పేరు పెట్టారు. సముద్రం గురించి మా అన్నయ్య ఏం చెప్పినా ఇప్పుడు ఒకడు నవ్వుతాడు, రెండోవాడు అందుకుంటాడు. అతనూ నవ్వుతాడు.

మావయ్య కూతుర్ని చెయ్యి చూపించమన్నాడు. వదిన చూపించలేదు. మంచినీళ్ళు తెచ్చి ఎడం చేత్తో ఇచ్చింది. ఆయన తాగి గ్లాసు కింద పెట్టాడు.

నేను బయల్దేరే రోజు పొద్దున అందరం ఒడ్డునే ఉన్నాం. వేటకెళ్ళిన బోట్లు మధ్యలోనే వెనక్కి వచ్చేశాయి. దూరంగా నీళ్ళ మీద మర బోట్లు బారులు తీరి ఉన్నాయి. వెతకడం లేదు, తిరగడం లేదు. ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడి ఉన్నాయి. మావయ్య కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగాడు.

"తీయించేశావుగా. మళ్ళీ ఎలా వొచ్చారు?"

అన్నయ్య వల మడతపెడుతూ తలెత్తకుండానే చెప్పాడు.

"వాళ్ళు ఎప్పుడో దించేసుకున్నారు మావయ్యా, వాళ్ళ ఫోన్లలోకి. నేను చెప్పింది అబద్ధమంటే నమ్మింది తాబేళ్ళ మేడమొక్కతే."