రోజీ దురదకు కారణం

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి వేసవిలో నన్ను వడమాలపేట పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా సహాయ సంచాలకుడు. పదవీ విరమణకు ముందు నా చివరి పోస్టింగు అదే. ఓపీకి ఎక్కువగా ఆవులు, గొర్రెలు వచ్చేవి. వచ్చిన కొద్ది కుక్కల్లో నన్ను బాగా తికమకపెట్టింది రోజీ అనే తెల్ల పొమేరియన్.

దాన్ని తెచ్చిన కస్తూరి ఇంట్లోనే బట్టలు కుట్టేది. భర్త మునిరత్నం లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. పిల్లల్లేరు. రోజీకి పొట్ట కింద, చంకల్లో ఎర్రటి దద్దుర్లు. నాకి నాకి పాదాల వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి.

ముందు స్కిన్ స్క్రేపింగ్ చేశాను. అంటే బ్లేడుతో చర్మాన్ని నెత్తురు చెమర్చేదాకా గీకి, ఆ పొట్టును మైక్రోస్కోపు కింద చూడటం. గజ్జి పురుగులు కనబడలేదు. కనబడనంత మాత్రాన లేవనలేం కనుక వాటికీ, పిడుదులకూ మందు వేశాను. ఫంగస్‌కు షాంపూ ఇచ్చాను. మార్పు లేదు. ఇక మిగిలింది అలర్జీ. తిండి వల్లనేమో తేల్చడానికి కోడిమాంసం, పాలు, బిస్కెట్లు మాన్పించి, అది అంతకుముందు ఎరగని చేప, అన్నం మాత్రమే రెండు నెలలు పెట్టమన్నాను. కస్తూరి తు.చ. తప్పలేదు. దురదా తగ్గలేదు.

ఆ మధ్య ఆమె కార్వేటినగరంలోని ఆడబిడ్డ ఇంట్లో రోజీతో కొన్నాళ్లు ఉండి వచ్చింది.

"ఆడ ఒక్కసారి గూడా గోక్కోలేదు సార్. ఈడికొచ్చినాక మళ్లా మొదలుపెట్టింది. మా ఇంట్లో ఏముండాది?" అని అడిగింది.

వాళ్లింటికి వెళ్లి చూశాను. పెరట్లో, తగిలితే ఒళ్లు దురదపెట్టే వయ్యారిభామ కలుపు మొక్కలు దట్టంగా ఉన్నాయి. దొరికిందనుకున్నాను. మునిరత్నం వాటిని పీకించాడు. ఫలితం లేదు. ఫినాయిలు మాన్పించాను, అది పడుకునే గోనెపట్ట మార్పించాను. అదీ అంతే. తర్వాత పని మీద కార్వేటినగరం వెళ్లి ఆడబిడ్డ ఇల్లు చూస్తే, దాని చుట్టూ వయ్యారిభామ ఇంకా ఎక్కువ. నాకేమీ పాలుపోలేదు.

స్టెరాయిడ్ మాత్రలు వేస్తే దురద ఆగేది. కానీ రోజీ ఊరికే నీళ్లు తాగి ఇల్లంతా తడిపేది, దానికి ఒళ్లూ వచ్చింది. ఎల్లకాలం వాడదగిన మందు కాదది. తిరుపతి నుంచి తెప్పించిన కొత్తరకం మాత్రలు సగమే పనిచేశాయి.

ఒకరోజు దంపతులిద్దరూ వచ్చారు. రోజీని కార్వేటినగరంలోని తన చెల్లెలు ఉంచుకుంటానంటోందని మునిరత్నం చెప్పాడు. "నేను లేనప్పుడు ఈమెకు తోడు అదే సార్. పంపించమని నేనెట్ల చెప్పేది?" అన్నాడు.

కారణం తేలలేదని, తేల్చగలనన్న నమ్మకమూ లేదని ఉన్నదున్నట్టు చెప్పాను.

కస్తూరి కాసేపు రోజీ పాదాలు పట్టుకుని చూసింది. "మీకే తెల్దంటే ఇంక నేనెవుర్ని అడిగేది? ఆడ అది నిమ్మళంగా నిద్రపోయింది సార్. ఆడే ఉండనీ" అన్నది.

రోజీ వెళ్లిపోయింది. నేను రిటైరయ్యేదాకా దానికి మళ్లీ మందు అవసరం రాలేదు. ఆ ఇంట్లో ఏముందో నాకిప్పటికీ తెలియదు. గోడ చెమ్మలోని బూజు కావచ్చు, ధూళిలోని పురుగులు కావచ్చు, ఊహలే. కారణం అంతుబట్టకపోయినా రోగిని దానికి దూరంగా పెట్టవచ్చునని ఆ కేసు నేర్పింది. అయితే ఆ వైద్యం భారం కుక్క మీద కాక, కస్తూరి మీద పడింది.