నిండు నీట దిగాల

1997 అక్టోబరు 14, మంగళవారం. ఈ రోజు మొదటి వింత బస్సు హారన్. ఈ గల్ఫు ద్వీపంలో, గుదైబియా పేటలో మా భవనం కింద తెల్లవారుజామున ఆగే డ్యూటీ బస్సు హారన్ కొట్టగా ఈ అయిదేళ్లలో నేనెప్పుడూ వినలేదు. బస్సు వచ్చేసరికే పెదనాన్న కింద నిలబడి ఉండేవారు. ఇవాళ అది రెండుసార్లు మోగి ఆగింది. మళ్లీ ఒకసారి చాలాసేపు మోగింది. నాన్న లేచి ఎదురు ఫ్లాట్ తలుపు కొట్టాడు. పెదనాన్న గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు.

పోయినవాళ్ల గురించి కొన్నాళ్లు ఆగి, మనసు కుదుటపడ్డాక రాయాలని మా తెలుగు టీచరు అంటారు. నాకు అంత వ్యవధి లేదు. పెదనాన్న చెప్పిన మాట ఒకటి నా చేతిలో మారిపోయి, ఇప్పుడు అస్కర్‌లో పనివాళ్లుండే క్యాంపు గోడకు అంటించి ఉంది. దాన్ని నమ్మి రేపు రాత్రి నలుగురు మనుషులు సముద్రంలోకి దిగబోతున్నారు. అందుకే ఇవాళే రాస్తున్నాను.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక పల్లె ఆయనది. పాతికేళ్లు తెప్ప మీద వేటకు వెళ్లి, తర్వాత ఇక్కడికి వచ్చి అస్కర్‌లోని అల్యూమినియం ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఊడ్చే పనిలో చేరారు. నాన్న ఆ కాంట్రాక్టరు దగ్గరే స్టోర్‌కీపరు. ఎదురు ఫ్లాట్‌లో మరో అయిదుగురితో ఉండేవారు కానీ, సాయంత్రం టీ మాత్రం మా ఇంట్లోనే. నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "గుంటా" అనేవారు. వాళ్ల వైపు ఆడపిల్లను అలాగే పిలుస్తారు.

ఆయనకు మనుషుల్ని లెక్కపెట్టే అలవాటు ఉండేది. మాతో మార్కెట్‌కు వచ్చినా, లిఫ్టు ఎక్కినా, వేలు ఎత్తకుండా కళ్లతోనే తలలు లెక్కపెట్టేవారు. "ఎల్లినప్పుడు ఎంతమందో, వొచ్చినప్పుడూ అంతమందే ఉండాల" అనేవారు. ఒకసారి లిఫ్టులో మాతోపాటు ఎక్కిన ఎవరో అమ్మాయి రెండో అంతస్తులో దిగిపోయింది. పైకి వచ్చాక ఆయన "ఒకలు తగ్గినారు" అని కంగారుపడిపోయారు. అమ్మ నవ్వాపుకోలేక కూరగాయల సంచి జారవిడిచింది. ఎందుకు లెక్క అని అడిగితే "అలవాటు" అనేవారు. ఒక్కసారి మాత్రం "మా తమ్ముడు..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. సాసర్‌లో టీ ఎప్పుడో చల్లారిపోయినా దాన్ని ఊదుతూనే కూర్చున్నారు.

ఈ ఏడాదే నాకు మాటలంటే పిచ్చి పట్టింది. నిఘంటువులోంచి రోజుకు పది మాటలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటాను. ఒకరోజు నా వ్యాసం ఆయనకు చదివి వినిపించాను. "జీవితంలో ఆటుపోట్లు సహజం" అన్న చోట ఆపారు.

"ఆటు అంటే ఏటి గుంటా?"

"కష్టం పెదనాన్నా. పోటు అంటే సుఖం."

ఆయన పకపకా నవ్వారు. "ఎవలు సెప్పినారు నీకు? పోటంటే నీరు ఒడ్డుకి రావడం. ఆటంటే ఎనక్కి పోవడం. కట్టం, సుకం మనం ఎట్టుకున్నవి. నువ్వెప్పుడైనా ఆటు సూసినావేటి?"

చూడలేదు. ద్వీపంలో ఉంటూ నేను సముద్రాన్ని చూసిందల్లా స్కూలు బస్సు కిటికీలోంచే.

వెన్నెల్లో సముద్రం మీదకు వెళ్లాలన్న ఆలోచన మేస్త్రీ మామది. ఆయన కరీంనగర్ వైపు మనిషి, నాన్న స్నేహితుడు. ఫ్యాక్టరీ క్లబ్బువాళ్ల కయాకులు ఎనిమిది అస్కర్ క్యాంపు దగ్గర ఒక షెడ్డులో ఊరికే పడి ఉన్నాయని, అడిగితే ఇస్తారని సెప్టెంబరులో కబురు తెచ్చాడు. కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చునే సన్నటి ప్లాస్టిక్ పడవ. దాని తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి. పెదనాన్న వెళ్లి చూసి, వేలితో కొట్టి, "ఇది తెప్పకి తమ్ముడేగానీ కడుపు కాలీ" అని తేల్చారు. నాన్న, మేస్త్రీ మామ, ఎదురు ఫ్లాట్‌వాళ్లు ఇద్దరు, క్యాంపువాళ్లు నలుగురు పేర్లిచ్చారు. పెదనాన్న పక్కనే మెడలోతు నీళ్లలో నడుస్తూ అందర్నీ కనిపెట్టుకుని ఉంటారని ఒప్పందం. నాన్నకు ఈత రాదు. మిగిలినవాళ్లలో వచ్చినవాళ్లూ లేరు.

మొదటి గొడవ తిథి దగ్గరే వచ్చింది. సెప్టెంబరు చివరి శుక్రవారం మా హాల్లో అందరూ కూర్చున్నారు. పెదనాన్న క్యాలెండరు చూపించమని నన్నడిగి, అక్టోబరు తొమ్మిది, గురువారం మీద వేలు పెట్టారు.

"ఇది అష్టమి. ఈ పూట నీరు బద్దకంగా ఉంటాది. ఎక్కువ రాదు, ఎక్కువ పోదు. సగం సందమామ సాలు మనకి."

మేస్త్రీ మామ ఎగిరి పడ్డాడు. "అష్టమి నాడా? ఏం మాట్లాడుతున్నవ్ కాకా! అదీ దుర్గాష్టమి. అష్టమి నాడు గడప దాటొద్దని మా అవ్వ నాతోని ఒట్టు ఏయించుకున్నది. దుబాయి వచ్చినా గది ఇడువలే." ఆయనకు గల్ఫంతా దుబాయే.

"నువ్వు గడప దాటొద్దు మేస్త్రీ. కిటికీలోంచి దూకి రా."

అందరూ నవ్వారు కానీ ఎవరూ ఒప్పుకోలేదు. నాన్న కూడా అష్టమి అనగానే తల అడ్డంగా ఊపాడు. పదహారో తేదీ, పౌర్ణమి, అదీ గురువారమే. మంచి తిథి, నిండు చందమామ, మర్నాడు సెలవు. ఇంతకన్నా ఏం కావాలన్నారు. ఒడ్డున పెరిగిన మనిషికి అష్టమి ఎందుకు మంచిదో, ఒడ్డు చూడని మాకు ఎందుకు చెడ్డదో నేను అప్పుడే నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకున్నానేగానీ ఆలోచించలేదు.

పెదనాన్న వాదించలేదు. మహాలయ అమావాస్య దాటిన శుక్రవారం మిట్టమధ్యాహ్నం అందర్నీ అస్కర్ ఒడ్డుకు రమ్మన్నారు. "అమాస, పున్నం అక్కసెల్లెళ్లు. మొకాలు వేరు, నడక ఒకటే. ఒకదాన్ని సూత్తే రెండోది తెలుత్తాది" అన్నారు. నేనూ వెళ్లాను.

అక్కడ సముద్రం లేదు. మేం పడవలు తోలాలనుకున్న చోటంతా బూడిదరంగు బురద. ఆల్చిప్పల పెంకులు కత్తుల్లా నిక్కపొడుచుకుని ఉన్నాయి. చేపలు పట్టడానికి ఎవరో పాతిన కర్రల కంచె ఒకటి నీళ్లు లేక నగ్నంగా నిలబడి ఉంది. నీరు ఎక్కడో దూరంగా, గీత గీసినట్టు కనిపించింది. నాన్న రెండడుగులు వేశాడో లేదో మోకాలి దాకా దిగిపోయాడు. ఇద్దరు పట్టి లాగారు. చెప్పు లోపలే ఉండిపోయింది, పాదం పెంకు కోసుకుని రక్తం కారింది.

"ఇదీ ఆటంటే. బాగా సూసుకోండి. పున్నం నాడు పొద్దుగూకినప్పుడు ఇక్కడ నిండుగా నీరుంటాది. నడిరేతిరికి ఇలగైపోతాది. పోయేటప్పుడు ఊరికే పోదు, పక్కనున్నోడిని ఎంటబెట్టుకు పోతాది. సీకట్లో ఆ కర్రలు కూడా కనపడవు" అన్నారు పెదనాన్న.

"పున్నానికి చీకటెక్కడిది కాకా?"

"ఎన్నెల నీటి మీద మెరుత్తాది మేస్త్రీ. కింద ఎంత నోతుందో సెప్పదు."

అయినా దసరా ముందు రోజు మళ్లీ గొడవే. ఈసారి వేళ గురించి. అయిదింటికల్లా దిగి ఏడింటికల్లా ఒడ్డెక్కాలని పెదనాన్న. ఓవర్‌టైం అయ్యేదే ఏడింటికి, తిని పదింటికి తీరిగ్గా పోదామని మేస్త్రీ మామ. ఇద్దరి గొంతులూ లేచాయి.

"ఊకె భయపెడుతున్నవ్ కాకా నువ్వు. ఎనిమిది మంది మొగోళ్లం ఉన్నం."

"బయం పడవలో బరువులాంటిది మేస్త్రీ. అస్సలు నేకపోతే బోల్తా కొడతాది. ఎక్కువైతే మునుగుతాది. మీ పడవల్లో బరువు నేదు." ఆయన లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "నాను సెప్పాల్సింది గుంట సేత రాయిత్తాను. అదే ఆకరి మాట. ఒప్పుకుంటారా?" అన్నారు. అందరూ సరేనన్నారు.

ఆదివారం సాయంత్రం టీ తాగుతూ రాయించారు. రెండే ముక్కలు. "నిండు నీట దిగాల. నీరు ఎనక్కి తిరక్కముందే ఎక్కాల." టైము వేయనా అని అడిగాను. "గడియారం సూసి నీరు రాదు గుంటా. నీరే సూడమను" అన్నారు.

నేను రాశాను. రాస్తూ, "నిండు నీట" ఏమీ బాగాలేదనిపించింది. వెన్నెల విహారానికి పిలుస్తూ నీళ్ల సంగతేమిటి? నా నోటుబుక్కులోని మాటలన్నీ నా వేళ్ల కొనల మీద కూర్చుని ఉన్నాయి. "నిండు వెన్నెలలో దిగాలి. వెన్నెల వాలకముందే ఎక్కాలి" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. పైకి చదువుకుంటే లయ కుదిరింది. కార్బన్ పెట్టి ఇంకో రెండు కాపీలు తీశాను.

పెదనాన్నకు చదువు రాదు. చదివి వినిపించనా అన్నాను. "అక్కర్నేదు. నువ్వు రాసినావంటే నాను సెప్పినట్టే" అని చెప్పులేసుకున్నారు. ఒక కాగితం మా గోడకు, ఒకటి మేస్త్రీ మామకు, ఒకటి మేస్త్రీ మామ చేతుల మీదుగా సోమవారం అస్కర్ క్యాంపుకు చేరాయి.

ఈ సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి అందరూ మా హాల్లోనే కూర్చున్నారు. పెదనాన్నను ఊరికి పంపే కాగితాల గురించి మాట్లాడారు. పెదనాన్న కొడుకు ఫోనులో ఏమన్నాడో నాన్న చెప్పలేక చెప్పాడు. అమ్మ ఇచ్చిన టీ ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడు మేస్త్రీ మామ జేబులోంచి మడత కాగితం తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పోదాం. కాకా కోసమన్నా పోదాం. ఆఖరికి మన మాటే మన్నించిండు సూడు. నిండు వెన్నెల్ల దిగమన్నడు. గురువారం పది గొట్టంగ దిగుదాం. క్యాంపోళ్లు మనకంటె ముందే ఉన్నరు, రేపు రాత్రే ట్రయల్ ఏస్తరట."

నిండు వెన్నెల అంటే చందమామ నడినెత్తికి వచ్చే వేళ. వెన్నెల వాలడమంటే తెల్లారుజాము. ఆ రెంటికీ మధ్య అస్కర్‌లో ఏముంటుందో నేను చూశాను. నాన్న పాదానికి ఇంకా కట్టు ఉంది.

"అది పెదనాన్న మాట కాదు" అన్నాను. లేచి నిలబడి మళ్లీ అన్నాను.

"ఏందీ?"

"ఆయన నిండు నీట దిగమన్నారు. నీరు వెనక్కి తిరక్కముందే ఎక్కమన్నారు. వెన్నెల నేను పెట్టాను మామా. బాగుంటుందని."

మేస్త్రీ మామ కాగితం వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. తిడతాడనుకున్నాను. "మరి గింత మంచిగ ఎట్ల రాసినవ్ బిడ్డా?" అన్నాడు నెమ్మదిగా. తిట్టినా అంత తగిలేది కాదు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గ్లాసు కింద పెట్టాడు. ఇక పౌర్ణమి మాట ఎవరూ ఎత్తలేదు.

నాన్న మాత్రం అడిగాడు. "క్యాంపులో ఉన్నదీ ఇదేనా?"

"కార్బన్ కాపీ నాన్నా."

నాన్న కిందికి దిగి బూత్ నుంచి క్యాంపుకు ఫోను చేశాడు. వాచ్‌మన్ ఎత్తి, ఏం అర్థమైందో, "ఠీక్ హై భాయ్, ఖలాస్" అని పెట్టేశాడట. రాత్రిపూట బయటివాళ్లను గేటు లోపలికి రానివ్వరు. పగలు ఆ నలుగురూ నాలుగు చోట్ల డ్యూటీలో ఉంటారు. సాయంత్రం నేరుగా షెడ్డుకే పోతారు. ఆలోపు అందరూ ఒక్కచోట దొరికేది తెల్లవారుజామునే.

ఇప్పుడు ఎనిమిది దాటింది. నోటుబుక్కు తిరగేశాను. పెదనాన్న మాటలు మూడు పేజీలున్నాయి. ఒక్కటీ ఆయన అన్నట్టు లేదు. "నాను"లన్నీ "నేను"లయ్యాయి, "నేదు"లన్నీ "లేదు"లయ్యాయి. అవి దిద్దుతున్నప్పుడు ఆయనకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఇందులో మాత్రం చెవిలో ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. మీకు ఎక్కడైనా తప్పుగా కనిపిస్తే అది ఆయన గొంతు అనుకోండి. ఒక పిల్ల రాత మీద అంత నమ్మకం పెట్టిన మనిషి నాకు ఇంకొకరు లేరు.

రేపు పొద్దున నాలుగున్నరకు మేస్త్రీ మామ పికప్ వ్యాను తెస్తాడు. నాన్న కిటికీ వైపు కూర్చుంటాడు, నేను ఇద్దరి మధ్యలో. స్కూలు యూనిఫాం వేసుకునే వెళతాను, తిరిగి వస్తూ అటే దింపేస్తారు. ఆ వేళకు క్యాంపులో అందరూ కుళాయిల దగ్గర వరసగా, నోట్లో బ్రష్షులతో నిలబడి ఉంటారట. ముందు గోడ మీది కాగితం పీకాలి. తర్వాత ఆ నలుగురినీ పిలిచి, పెదనాన్న అన్నట్టే, ఒక్క అక్షరం దిద్దకుండా చెప్పాలి. నీళ్ల చప్పుడులో వినపడకపోతే కుళాయిలు కట్టెయ్యమంటాను. నలుగురూ నోరు పుక్కిలించుకుని, నా ముఖంలోకి చూసి, నేను చెప్పింది ఒక్కొక్కరూ తిరిగి నాకు చెప్పేదాకా ఆ తడి సిమెంటు మీంచి కదలను.