డిమీటర్ కథతో మా గడప తొక్కిన సులోచన టీచర్

సులోచన టీచర్ గారు జగిత్యాల ఆసుపత్రిలో కన్నుమూశారని మొన్న ఉదయం కోరుట్ల నుంచి ఆమె మేనల్లుడు ఫోన్ చేశాడు. "వీలున్నప్పుడు రా బిడ్డా, కూసొని మాట్లాడుకుందం" అని పోయిన వారమే పిలిచిన ఆ కంఠం శాశ్వతంగా మూగబోయిందంటే మనసు అంగీకరించలేదు.

సిరిసిల్ల బాలికల పాఠశాలలో ఆమె మాకు సాంఘికశాస్త్రం బోధించారు. పుస్తకంలో ప్రాచీన గ్రీసుకు దక్కింది అరపేజీ. ఆమె ముఖతః అది వారాల తరబడి సాగేది. జ్ఞానదేవత ఎథీనా, వేటదేవత ఆర్టెమిస్ మాకు మేనత్తలంత దగ్గరివాళ్లయ్యారు.

ఒకనాడు అరాక్నీ కథ చెప్పారు. నేతలో తనకు సాటిలేదన్న ఆ యువతి ఎథీనాతోనే పోటీపడి, వంక పెట్టలేని వస్త్రం నేసింది. దేవత ఆగ్రహించి ఆ బట్టను చింపి, ఆమెను సాలెపురుగుగా మార్చేసింది. మేమంతా నేతగాళ్ల పిల్లలం. ఉండబట్టలేక లేచి, "గట్లెట్ల జేస్తది టీచర్? మంచిగ నేసుడు తప్పా?" అన్నాను. దేవతను నిందిస్తున్నానని పక్కపిల్ల నా చెయ్యి గుంజింది. టీచర్ ముఖం మాత్రం వికసించింది.

"దేవత చేసినా తప్పు తప్పే. గా మాట అననీకి ఎన్నడు భయపడకు."

నేను పదో తరగతిలో ఉండగా మా చెల్లె జ్వరంతో చనిపోయింది. అమ్మ కన్నీరు పెట్టలేదు. గోడకు ఆనుకుని రాయిలా ఉండిపోయింది. వచ్చిన ప్రతివారూ "ఉన్న బిడ్డను జూసి ధైర్యం జేసుకో" అనేవారు. టీచర్ వచ్చి నేల మీద అమ్మ పక్కనే కూర్చున్నారు. మెల్లగా డిమీటర్ కథ ఎత్తుకున్నారు. డిమీటర్ గ్రీకుల పంటల దేవత, ఒక తల్లి. కూతురు పెర్సెఫోనీని పాతాళరాజు ఎత్తుకుపోతే లోకమంతా వెతికింది. ఆమె శోకానికి భూమి మీద గింజ మొలవలేదు.

"దేవతలంత అచ్చి బతిమిలాడినా ఆమె దుఃఖం ఆగలే అక్కా. దేవతకే గట్లయితే, నీకెట్లుండాలె?"

అమ్మ తలెత్తింది. "గా తల్లికి బిడ్డ దొరికిందా?"

"దొరికింది. ఏటా కొన్ని నెలలు తల్లి దగ్గరుంటది. కొన్ని నెలలు పాతాళంల."

"నాకు గంత గూడ లేదు గద టీచరమ్మా!" అని అమ్మ గొల్లుమంది.

టీచర్ కర్మ అనలేదు, కాలమే మాన్పుతుందనీ అనలేదు. అమ్మను పట్టుకుని తానూ ఏడ్చారు. పొద్దు గూకే వేళకు అమ్మ కళ్లు తుడుచుకుని, "నువ్వేమన్న తిన్నవా?" అని ఆమెను అడిగి, లేచి పొయ్యి ముట్టించింది.

మర్నాడు బడిలో టీచర్ నన్ను పక్కకు పిలిచారు. "కథ జెప్పి మీ అమ్మను ఇంక బాధ వెట్టిన్నేమో బిడ్డా. ఎట్లున్నది?"

"అన్నం తిన్నది టీచర్," అన్నాను. ఆమె ముఖం తిప్పుకుని కొంగుతో కళ్లొత్తుకున్నారు.

టీచర్ అంత్యక్రియలకు అమ్మ, మోకాళ్ల నొప్పులతోనే, నాతో కోరుట్ల వచ్చింది. పార్థివదేహం చెంత కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తుంటే ఎవరో వారించారు: "ఊకో అమ్మా, నిండు వయసుల పోయింది."

"ఏడ్వనియ్యుండ్రి," అంది అమ్మ. "నా బిడ్డ వోయిన్నాడు నన్ను ఏడ్వనిచ్చింది గీమెనే."

గురువుగారి పాదాలకు ఇంతకు మించిన అంజలి నాకు చేతకాదు. ఆ దేవతల కథలను పుస్తకాల్లో ఎవరైనా చదువుకోవచ్చు. దుఃఖంలో ఉన్న ఇంటికి వాటిని మోసుకొచ్చి, నేల మీద కూర్చుండే మనిషి మాకు ఇక దొరకరు.